టీఎంపీలో దాచిన నమూనాలు

బుజ్జితల్లీ,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, నాన్న, మూడు కుట్టుమిషన్లు క్షేమం. నాలుగోది నీకు తెలిసిందే, ఎప్పుడూ మూలుగుతూనే ఉంటుంది. ఆసుపత్రిలో నీ డ్యూటీలు ఎలా ఉన్నాయి? వేళకి తింటున్నావా?

నువ్వు కొట్లో పెట్టి వెళ్ళిన కంప్యూటర్ అలవాటైందా, విండోస్ తీసేసి ఎక్కించిన లినక్స్ అంటే భయమేస్తోందా అని అడిగావు. బట్ట ఇచ్చిన మర్నాడే జాకెట్టు కావాలని గొంతు మీద కూర్చునేవాళ్ళతో ముప్పై ఏళ్ళు వేగినదాన్ని, ఓ పెట్టెకి భయపడతానా! మొదటివారం మాత్రం సీ డ్రైవ్ ఎక్కడుందో అని కళ్ళు కాయలు కాసేలా వెతికాను. అసలు లేనేలేదు. పైన ఒక్క ఏటవాలు గీత, మిగతావన్నీ దాని కిందే. ఈటీసీలో సెట్టింగులు, బిన్‌లో కంప్యూటర్ చేసే పనుల సామాను, వార్‌లో అది రోజూ రాసుకునే చిట్టా, హోమ్‌లో మన ఫైళ్ళు. పెన్ డ్రైవ్ పెడితే ఎక్కడ కనిపిస్తుందో కనుక్కోమన్నావుగా, మీడియా కిందకి వచ్చి కూర్చుంటుంది. నాన్నకీ నేర్పాను. "యజమానినైన నన్నే ఈ రూట్ అనే ఫోల్డర్‌లోకి రానివ్వదేమిటే?" అని అలిగారు. "ఇంట్లో మాత్రం మీ మాట ఎప్పుడు చెల్లింది?" అన్నాను.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో నోరు రాక ఉత్తరం రాస్తున్నాను. అమ్మమ్మ కత్తిరించిన నలభై కాగితం నమూనాలు స్కాన్ చెయ్యమన్నావు కదా, చేశాను. అప్పటికి నాకు హోమ్ సంగతి తెలీదు. ఎక్కడ దాచబోయినా "అనుమతి లేదు" అంది. టీఎంపీ అనే ఫోల్డర్ ఒక్కటే మారుమాట లేకుండా పుచ్చుకుంది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను. అన్నీ అందులో పెట్టి, ముట్టుకుంటే పొడి రాలే ఆ కాగితాలు చెత్తబండికి ఇచ్చేశాను. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే టీఎంపీ ఖాళీ. అది తాత్కాలికపు చోటట, కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యగానే ఊడ్చేస్తుందట. రెండు రోజులు ముద్ద దిగలేదు బుజ్జీ. మా అమ్మ చేతిపని నా చేత్తోనే పారేశానని కుమిలిపోయాను.

మూడోరోజు కొత్త కాగితం పరిచి పెన్సిల్ పట్టుకున్నాను. చేతికి అన్నీ గుర్తున్నాయే! నాన్న టేపు పట్టారు, నేను గీశాను. ముప్పై తొమ్మిది వచ్చేశాయి. ఇప్పుడవి హోమ్‌లో ఉన్నాయి, పెన్ డ్రైవ్‌లోనూ ఉన్నాయి, కాగితాలు బీరువాలో ఉన్నాయి. మూడుసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేసి చూశాను, చెక్కుచెదరలేదు.

రానిది ఒక్కటే, నీ మొదటి గౌను. అమ్మమ్మ దాన్ని ఒక్కసారే కత్తిరించింది, నేను ఒక్కసారే కుట్టాను. వెళ్ళేటప్పుడు నువ్వు దాన్ని పెట్టె అడుగున పెట్టుకోవడం చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. అది పంపు. తిట్లు ఉంటే దానితో పాటే పంపు. కుట్లు విప్పి, నమూనా గీసుకుని, అవే కన్నాల్లోంచి మళ్ళీ కుట్టి పంపిస్తాను. నీకు తేడా తెలిస్తే నేను అమ్మమ్మ కూతురినే కాను.

ఇట్లు,
సూదిలో దారం ఎక్కించుకుని కూర్చున్న
మీ అమ్మ