సార్జెంట్ పిల్బీమ్ ఒక్క సీను

ఫిబ్రవరి 3, సోమవారం

మా పోలీసు సీరియల్‌ని సినిమాగా తీస్తున్నారు. టీవీలో పదకొండేళ్లు లాకప్ డెస్క్ వెనక నిలబడి దొంగల జేబులు ఖాళీ చేయించిన సార్జెంట్ పిల్బీమ్‌ని నేనే. హీరోతో సహా అందరినీ మార్చేశారు. పాతవాళ్లలో పిలుపు నా ఒక్కడికే వచ్చింది. ఒకటే సీను. కార్ పార్కింగ్‌లో నన్ను కాల్చి చంపేస్తారట. ఆ సంతోషంలో ఇంకో రెండు గుడ్లు వేయించుకున్నాను. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఫిబ్రవరి 4

లీడ్స్‌లో ఉన్న నా కూతురు టామ్సిన్‌కి మెసేజ్ పెట్టాను. నాలుగేళ్లుగా మా మధ్య మాటల్లేవు. హాస్పిటల్లో వాళ్లమ్మ ప్రాణం పోతున్న మధ్యాహ్నం నేను షూటింగ్‌లో ఉన్నాను. వెళ్లేసరికి మంచం ఖాళీ.

సాయంత్రం జవాబు వచ్చింది. నిన్నెవడో కాల్చిపారేస్తుంటే మాత్రం తప్పకుండా వచ్చి చూస్తా నాన్నా, అని. చివర నవ్వుతున్న బొమ్మ. పన్నెండు సార్లు చదువుకున్నాను.

ఫిబ్రవరి 26, ఉదయం 6

లండన్‌లో డెప్ట్‌ఫోర్డ్. వాన. యూనిట్ వాళ్లు పాత డబుల్ డెక్కర్ బస్సులో బల్లలు వేసి టిఫిన్ పెడుతున్నారు. పై అంతస్తులో ఒక్కడినే కూర్చున్నాను. కొత్త హీరో వచ్చి, ఎక్స్‌ట్రాల బస్సు అవతల ఉందనుకుంటా పెద్దాయనా, అన్నాడు. పిల్బీమ్‌ని బాబూ అన్నాను. ఓ, మీరా, మా అమ్మమ్మకి ఆ సీరియల్ అంటే ప్రాణం, అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం 4

చచ్చాను. ఏడుసార్లు, తడి నేల మీద.

నటుడి ఆఖరి షాట్ అయిపోగానే అసిస్టెంట్ డైరెక్టర్ అతని పేరు గట్టిగా చెబుతాడు, యూనిట్ మొత్తం చప్పట్లు కొడుతుంది. అది మా ఆనవాయితీ. ఈ కుర్రాడు, సార్జెంట్ పిల్బీమ్ గారి పని అయిపోయిందండోయ్, అని అరిచాడు. నా అసలు పేరు వాడికి తెలియదు. అయితేనేం, చప్పట్లు చప్పట్లే. ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియలేదు.

జూన్ 11

ఏ కబురూ లేదు.

జూలై 8

డబ్బింగ్‌కి రమ్మని ఫోన్! కత్తిరించిన సీనుకి ఎవడూ డబ్బింగ్ చెప్పించడు. గొంతు అడిగారంటే మొహం ఉన్నట్టే. మా నటులందరికీ తెలిసిన లెక్క ఇది.

వెంటనే టామ్సిన్‌కి ఫోన్ కొట్టాను. సెప్టెంబర్‌లో ఓ ఆదివారం ఉదయం యూనిట్ వాళ్లకి షో వేస్తారు, నాకు రెండు సీట్లు ఇస్తారు, రమ్మన్నాను. వస్తానంది. రైలు టికెట్ నేనే కొనుక్కుంటాలే, నువ్వు సరిగ్గా చావు చాలు, అంది. దాని గొంతు అచ్చం వాళ్లమ్మదే.

జూలై 10

సోహోలో చీకటి గది. తెర మీద కొత్త హీరో కారులో కూర్చుని వైర్‌లెస్ వింటున్నాడు. మరి నా సీను ఎప్పుడని అడిగాను. సౌండ్ చూసే ఇమోజెన్ చేతిలో కప్పు కింద పెట్టి, అయ్యో, మీకెవరూ చెప్పలేదా అండీ, అంది. సినిమా మరీ పొడుగైపోయిందట. పిల్బీమ్ ఇప్పుడు చావడట, అసలు కనబడనే కనబడడట. స్టేషన్ నుంచి వైర్‌లెస్‌లో రెండు ముక్కలు మాట్లాడతాడట, అంతే. కూరలో కరివేపాకులా తీసిపారేశారు.

ఆ రెండు ముక్కలూ చెప్పాను. వినబడుతోందా? ఎక్కడున్నారో చెప్పండి. మూడుసార్లు చెప్పించింది. గొంతులో ఆ వణుకు భలే ఉంది, అలాగే ఉంచండి, అంది. నేనేమీ నటించలేదు.

జూలై 11

టామ్సిన్‌కి చెప్పాలి.

ఆగస్టు 2

చెప్పలేదు.

సెప్టెంబర్ 5

షో రద్దయిందని మెసేజ్ పెట్టాను. పచ్చి అబద్ధం. వాళ్లమ్మని కూడా వదిలేసి ఏ పని పట్టుకుని వేలాడానో, ఆ పనే నన్ను వదిలేసిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? సరేలే, అని జవాబు వచ్చింది. ఈసారి బొమ్మ లేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

రెండు సీట్లు, ఒక్క మనిషి. పక్క సీట్లో కోటు పెట్టాను. నలభయ్యో నిమిషంలో నా గొంతు వచ్చింది, పోయింది. ఎవరూ తల తిప్పలేదు. బయట అందరూ ఫొటోలు దిగుతుంటే నేను బస్సెక్కాను. సీను పోయినందుకు కాదు నా బాధ. టామ్సిన్ రావాల్సిన ఒక్క ఆదివారాన్ని నా చేతులారా పాడు చేసుకున్నాను.

సెప్టెంబర్ 28

టామ్సిన్ ఫోన్ చేసింది. నిన్న లీడ్స్‌లో సినిమా చూసిందట. వైర్‌లెస్‌లో నా గొంతు వినగానే, ఇక మనిషి వస్తాడని కూర్చుందట. పేర్లన్నీ అయిపోయి, లైట్లు వేసి, ఊడ్చేవాళ్లు వచ్చేదాకా లేవలేదట. ముందే చెప్పి ఏడవొచ్చు కదా నాన్నా, పిచ్చిదానిలా కూర్చున్నాను, అని అరిచింది. సిగ్గేసిందన్నాను.

తర్వాత, ఆ రోజు అమ్మ దగ్గరికి ఎందుకు రాలేదు, అని అడిగింది. ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. షూటింగ్ వాళ్లు పని వదిలేసి వెళ్లమనే చెప్పారమ్మా, అన్నాను. కారు కూడా పిలిచారు. అమ్మ పోవడం చూడలేక భయమేసి నేనే వెళ్లలేదు, అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

సెప్టెంబర్ 29, ఉదయం 7

కింగ్స్ క్రాస్ స్టేషన్. లీడ్స్ రైలు. రమ్మని ఎవరూ పిలవలేదు. వెళ్తున్నాను.