నల్ల ట్యాంకు మీద బొట్టు

విశ్వకర్మ పూజకు ముందు రోజు, రాత్రి

నాన్న పాత మోటారు బండి పెట్రోలు ట్యాంకుకు మధ్యాహ్నం ఆఖరి పూత నల్లరంగు కొట్టి, పెరట్లో ఆరబెట్టాను. రంగు మీద మెరుపుకి కొట్టే క్లియర్ కోటు డబ్బా కోసం సాక్చి బజారుకు వెళ్లి వచ్చేసరికి, ఆ తడి రంగులోకి వేలు దిగేలా అమ్మ కుంకుమబొట్టు పెట్టేసింది.

వారం రోజులు ఉప్పు కాగితంతో రుద్దిన ట్యాంకు. ఒళ్లు మండిపోయింది.

"రేపు పూజ కదేటి. బొట్టు నేకుండా బండుంచుతారేటి?" అంది అమ్మ.

నేను కసిరేలోపు నాన్న నవ్వేశాడు. "ఉండనీరా. ముప్పై ఏళ్లుగా దీన్ని అమ్మీమన్న మనిషి. ఇయ్యాల బొట్టెట్టినాది."

అమ్మ మూతి తిప్పుకుంది. చెరపమని మాత్రం అనలేదు.

రేపు పూజయ్యాక ఆ బొట్టు మీదే క్లియర్ కోటు కొట్టేస్తాను. కుంకుమ కారిపోతుందేమో తెలీదు. అమ్మ వేలిముద్ర మాత్రం ఎక్కడికీ పోదు.