రాణికి పెట్టిన బెట్ట

సింహాద్రిపురం,
ఫిబ్రవరి 18.

మామకు ప్రేమకుమారి వందనాలు. ఇక్కడ మీ అమ్మ, అంటే నా అవ్వ, నేనూ ప్రభువు దయ వల్ల బాగున్నాము. కువైట్‌లో నువ్వూ బాగున్నావని నమ్ముతాను.

నీ ఉత్తరంలో ఎనిమిది ప్రశ్నలున్నాయి. ఏడు రాణి గురించి, ఒకటి అవ్వ మోకాలి గురించి. వేంపల్లె డాక్టరు మందుతో మోకాలి నొప్పి తగ్గింది. నన్ను గురించి అడగలేదు కాబట్టి జవాబు లేదు.

ఫోన్‌లో చెప్పకుండా ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్ ఎత్తగానే "రాణి యాడ, చూపించు" అంటావు. నూట ఇరవై చీనీ చెట్లలో ఒక్కదానికి పేరు పెట్టి, దాని ముందు నాతో ఫోన్ పట్టించి మాట్లాడే మగవాణ్ణి నిన్నే చూశాను. నా ముఖం చూపమని ఎన్నడన్నా అడిగావా?

పూత కోసం ఏటా డిసెంబరులో తోటకు నీళ్లు ఆపి బెట్ట పెడతాం కదా. ఈసారి "రాణికి మాత్రం ఆపొద్దు. దానికీ దాహం తెలుస్తాది. నోరు ల్యాకపోతే నీళ్లడిగే హక్కు కూడా ఉండదా?" అని రాశావు. చదివి ఒళ్లు మండింది. నోరున్న నేను అడిగితే మాత్రం ఎవరు విన్నారు?

ఇప్పుడు అసలు సంగతి. రాణికీ బెట్ట పెట్టాను. నలభై రోజులకు అన్ని చెట్లకూ నీళ్లు వదిలి, దాని డ్రిప్ పైపు మాత్రం మడిచి కట్టేశాను. ఇంకో ఇరవై రోజులు. నువ్వు అడిగినప్పుడల్లా పక్క చెట్టును చూపించాను. నువ్వు గుర్తుపట్టకుండా దానితోనే ముద్దుగా మాట్లాడావు. నాకెంత సంతోషమైందో రాస్తే నన్ను క్షమించవు.

తర్వాత రాణి ఆకులు ముడుచుకుని రాలాయి. పక్క తోట ఈశ్వరమ్మ చూసి, "ఏందే, మొగుడి మీద కసి దీని మీద తీర్చుకుంటాండావా? దాహమైతే అది లేసి యాడికన్నా పోగలదా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడే పైపు విప్పి, బిందెలతో కూడా పోశాను. దానికి తెలుస్తుందో లేదో నాకు తెలియదు. తడి మట్టిలో కూర్చుని తప్పైపోయిందని చెప్పుకున్నాను.

పడమటి కొమ్మ ఒకటి ఎండిపోయింది. మిగతాది చిగురేసింది, బతుకుతుంది.

నలభై రోజులు దాటితే చెట్టు తట్టుకోలేదని నాకు నేర్పింది నువ్వే. నువ్వు పోయి మూడేళ్ల నాలుగు నెలలైంది మామా.

ఇట్లు,
నీ అక్క కూతురు, నీ భార్య
ప్రేమకుమారి