పదకొండో తెర

మధురానగర్, హైదరాబాద్
4 నవంబర్ 2024, సోమవారం

ప్రియమైన అన్నా,

ఇవాళ్టి మొదటి ఆశ్చర్యం నీకే చెప్పాలి. పొద్దున టిఫిన్ డబ్బా తీసుకుని అమీర్‌పేట షాపుకు వెళ్లేసరికి, కటింగ్ బల్ల మీద నీకు పంపడానికి నేను మళ్లీ అంటించి పెట్టిన డీజిల్ హీటర్ పెట్టె విప్పి ఉంది. విప్పింది బాపే. అదీ గుడ్డ తప్ప ఇంకేదీ తాకనివ్వని తన పెద్ద కత్తెరతో! ముక్కు మీదికి జారిన కళ్లద్దాల్లోంచి పొగగొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఏంది బాపూ?" అన్నాను.

"గీ గొట్టానికి కుట్టే లేదు. అన్నీ మడతలే," అన్నాడు. మెచ్చుకున్నట్టే అనిపించింది.

తర్వాత గొంతు సవరించుకుని, "గా డ్రైవర్ బస్సుకు కిటికీలెన్ని?" అని అడిగాడు. మూడేళ్ల కింద నువ్వు కుట్టుమిషను వదిలి స్టీరింగ్ పట్టిన రోజు నుంచి నీ పేరు ఆయన నోట రాలేదు కదా. నువ్వు 'గా డ్రైవర్'వే.

"పదకొండు," అన్నాను.

"కొలతలు పంపుమను. హీటర్ ఒక్కటే ఏం జేస్తది? కిటికీ సందులకెల్లి ఇగం రాదా? ఉన్ని పెట్టి మందంగ తెరలు కుడ్త."

ఇగం! చలికి ఇంత పాత, ఇంత పొట్టి మాట ఉందని నిన్ననే నిఘంటువులో చూసి మురిసిపోయాను. బాపు నోట్లో అది ఎప్పటి నుంచీ ఉంది.

అప్పుడే ఎర్రమంజిల్ ఆఫీసు నుంచి రాఘవేందర్ సార్ వచ్చాడు. "శివరాములూ, ఫిబ్రవరిల నా రిటైర్మెంట్. కోటు నాకు తొడుగుతవా, బస్సుకు తొడుగుతవా?" అన్నాడు. బాపు నవ్వాడు. నవ్వు చివర దగ్గు వచ్చింది.

హీటర్ చవకది కాబట్టి దానితో వచ్చిన పుస్తకం కూడా చవకదే. ఆ ఇంగ్లీషు నీకే కాదు, దానికే అర్థం కానట్టుంది. మూడు సాయంత్రాలు కూర్చుని ఎనిమిది పేజీలూ తెలుగులో రాశాను. ఐదో పేజీలో ఎర్ర గీత రెండుసార్లు గీసిన వాక్యం మాత్రం మరిచిపోకు: "గాలి ఆడని చోట ఈ హీటర్ వాడరాదు. ఒక కిటికీ రెండు వేళ్ల మందం ఎప్పుడూ తెరిచి ఉంచాలి." విషపు గాలి చేరితే అరిచే చిన్న అలారం కూడా పెట్టెలో వేశాను.

నీ చెల్లె,
ప్రమోద


కిన్నౌర్, హిమాచల్
18 నవంబర్

బంగారు చెల్లెకు,

పెట్టె మొన్న అందింది. పొట్టి మాట ఒకటి నేను కూడా నేర్చుకున్నాను, ఇక్కడి వాళ్లది. చలికి కాదు, చలికి తిట్టే తిట్టు. ఉత్తరంలో రాయలేను.

బస్సు ఎట్లా ఉందో నీకు ఇంతవరకూ చెప్పలేదు. సీట్లన్నీ తీసేశారు. ముందు సగం కళ్ల పరీక్ష గది. వెనక సగంలో నాదీ, కళ్ల డాక్టర్ విక్రమ్‌దీ రెండు పడకలు. పొలం పనులు లేని చలికాలంలోనే ఊళ్లవాళ్లకు కళ్లు చూపించుకునే తీరిక. అందుకే మేం మార్చి దాకా దిగం. మంచు పడితే ఫోన్ టవర్ పడుకుంటుంది. పోస్టు జీపు ఒక్కటే దిక్కు.

హీటర్ నిన్న బిగించాను. నా పడక కింద నేలకు కన్నం కొట్టి, ఇనుప పలక వేసి, దాని మీద కూర్చోబెట్టాను. పొగగొట్టం కిందికి దించి, కిటికీలకు దూరంగా వెనక్కి తిప్పాను. గాలి పీల్చే గొట్టం ఇంకో వైపు. నువ్వు రాసినట్టే క్లాంపులు బిగించి, గంట నడిపి, మళ్లీ బిగించాను. పంపు టిక్కు టిక్కుమంటుంటే విక్రమ్ అన్నాడు, "భాయ్, ఎవరో మిషను కుడుతున్నట్టున్నది."

కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. ఒక్కో కిటికీ రెండుసార్లు కొలిచాను. బాపు నేర్పినట్టే.

ఆ దగ్గు సంగతి ఏంటి?

అన్న,
భానుచందర్


మధురానగర్
6 డిసెంబర్, శుక్రవారం

ప్రియమైన అన్నా,

కొలతల పుస్తకంలో నీకో పేజీ వచ్చింది. పైన గిరాకీ పేరు రాసేచోట 'డ్రైవర్' అని రాశాడు బాపు. రాసి, మూడు రోజుల్లో ఆరు తెరలు కుట్టాడు. బయట మందపాటి కాన్వాసు, మధ్యలో ఉన్ని, లోపల అస్తరు. మిషను సూది దిగదని అంచులన్నీ చేతికుట్టే.

నిన్న మాత్రం షాపులో యుద్ధం జరిగింది. నేనే మొదలుపెట్టాను.

"బాపూ, నువ్వు ఇట్లా సందు లేకుండా కప్పేస్తే గాలి ఆడదు. పదకొండో తెరకు అరచేయంత కన్నం వదలాలి. దాని వెనక కిటికీ తెరిచి ఉంటుంది."

"చలి ఆపనీకి తెర కుట్టి, దానికి నేనే బొక్క పెట్టాల్నా? కోటు కుట్టి వీపుల కిటికీ పెడ్తరా ఎవలన్న?"

"గాలి ఆడకపోతే మనిషి నిద్రలోనే పోతాడట. పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినోడు దర్జీనా?"

గుండీలు ఏరుతున్న అవ్వ తల ఎత్తకుండానే అంది: "మన కొడుకు ఊపిరి మీదికొస్తే, నీ దర్జీతనం ఏం జేసుకుంటవ్?"

బాపు సుద్దముక్క బల్ల మీద పడేసి బయటికి వెళ్లి, మెట్రో పిల్లరు నీడలో చాలాసేపు దగ్గుతూ నిలబడ్డాడు. ఈయనను ఒప్పించే మాట ఏ నిఘంటువులో ఉందో!

దగ్గు గురించి అడిగావు. పంజాగుట్టలో డాక్టరుకు చూపించాం. మందులు ఇచ్చారు. నువ్వు ఫికర్ చేయకు.

చెల్లె,
ప్రమోద


కిన్నౌర్
15 డిసెంబర్

ప్రమోదా, నా చిట్టీ,

కన్నం గురించి బాపుతో కొట్లాడకు. తెర నేనే జరుపుకుంటాను. గుడ్డ విషయంలో ఆయనతో వాదించి గెలిచినవాళ్లు అమీర్‌పేటలో లేరు. నేను ఓడిపోయే కదా వచ్చేసింది.

ఈ కింది నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించు. ఆ రోజు గిరాకీల ముందు "నీ షాపు నాకు జైలు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. బండి నడపడం ఇష్టమని చెప్తే సరిపోయేది. ఇక్కడ ఒక ముసలామె కొత్త అద్దాలు పెట్టుకోగానే మొదట తన చేతులు చూసుకుంది. నాకు బాపు చేతులు యాదికొచ్చాయి. మార్చిలో వస్తాను. రానిస్తాడా అని అడుగు.

జవాబు కోసం చూస్తుంటాను.

భాను


మధురానగర్
30 డిసెంబర్, సోమవారం

ప్రియమైన అన్నా,

పదకొండు తెరలూ పార్సిల్ చేశాను. ఒక్కోదాని మూలకు నంబరు ఉంది. పదకొండోది నీ పడక పక్క కిటికీకి. దానికి గుండ్రటి కన్నం ఉంది, చుట్టూ గుండీ కాజాలా కుట్టి. దాన్ని ఎన్నడూ మూయకు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. మొదటి నుంచి చివరిదాకా, రెండుసార్లు. బాపు ఇట్లా అన్నాడు: "నేను బట్టలు సరిజేస్తే వాడు చూపులు సరిజేస్తుండు. చేతుల కత్తెరున్నా స్టీరింగున్నా మనిషికి ఆసరా అయితే చాలు. ఇల్లు వానిదే, ఎప్పుడన్న రమ్మను."

అవ్వ బాగుంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంకేం రాయాలో తోచడం లేదు.

చెల్లె,
ప్రమోద


కిన్నౌర్
20 జనవరి 2025

చెల్లె,

తెరలు పదో తారీఖున వచ్చాయి. ఆ మర్నాటి నుంచి మూడు రోజులు ఆగకుండా మంచు. బస్సు లోపల మాత్రం తెరల పుణ్యమా అని స్వెట్టర్ విప్పి కూర్చున్నాం.

పదమూడున విక్రమ్ ఆ కన్నం చూసి, "అరే భాయ్, ఇంత మంచిగ కుట్టి బొక్కేంది?" అని మఫ్లర్ కుక్కబోయాడు. నేను అరిచాను. నేను అట్లా అరవడం ఆయన ఎప్పుడూ వినలేదు. మఫ్లర్ తీసేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆయనకు తలనొప్పి, తర్వాత వాంతి. నాకు నిద్ర ముంచుకొచ్చింది. బస్సు కింద మంచు పేరుకుని పొగగొట్టం మూతి పూడుకుపోయిందని మాకు తెలియదు. పొగ బయటికి పోలేక నేల సందుల్లోంచి పైకి వస్తోంది. అలారం మోగలేదు. చలికి దాని సెల్లు ఎప్పుడో చచ్చింది. నా తల ఆ కన్నం పక్కనే ఉంది. ముక్కుకు చల్లగాలి తగిలి మెలకువ వచ్చింది. లేచి హీటర్ ఆపి, తలుపు తన్ని, విక్రమ్‌ను మంచులోకి లాగాను. ఇద్దరం బాగానే ఉన్నాం. ఇప్పుడు పూటపూటకూ పార పట్టుకుని గొట్టం చూసి వస్తున్నాను. హీటర్ ఆపినప్పుడల్లా అలారం సెల్లు నా జేబులో వెచ్చగా ఉంటుంది.

ఆ కన్నం నేనెందుకు మూయనివ్వలేదో చెప్తాను. పార్సిల్ విప్పిన రోజే పదకొండో తెర అంచు వేలితో తడిమి చూశాను. సగం దాకా కుట్లు కుడికి వాలి, బియ్యపు గింజల్లా ఒక్క తీరుగా ఉన్నాయి. అక్కడ దారం ముడిపడింది. అక్కడి నుంచి కుట్లు ఎడమకు వాలాయి. కన్నం చుట్టూ కాజా కూడా ఎడమవాటమే. మన ఇంట్లో ఎడమచేత్తో సూది పట్టేది నువ్వొక్కదానివే. బాపు ఒక తెర సగంలో వదిలి లేచిపోయే మనిషి కాదు.

నువ్వు రాసిన ఆయన మాటలు మళ్లీ చదివాను. చాలా బాగున్నాయి. బాపు అంత బాగా ఎన్నడూ మాట్లాడలేదు.

నాకు కోపం లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. తలకొరివి ఎవరు పెట్టారు?

భాను


మధురానగర్
3 ఫిబ్రవరి, సోమవారం

ప్రియమైన అన్నా,

నేనే పెట్టాను. పంజాగుట్ట శ్మశానంలో, డిసెంబర్ పద్దెనిమిదిన. అలవాటుగా ఎడమచేయి చాపితే, కుడిచేత్తో పట్టమన్నారు. అవ్వ వచ్చి నా చేయి కింద తన చేయి పెట్టింది.

బాపు ముందురోజు మధ్యాహ్నం పోయాడు, కటింగ్ బల్ల దగ్గర, ఒళ్లో పదకొండో తెరతో. నేను కాలేజీలో ఉన్నాను. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయని, ఉన్ని దుమ్ము మంచిది కాదని, వెంటనే ఆసుపత్రిలో చేరమని పంజాగుట్ట డాక్టరు నవంబర్‌లోనే చెప్పాడు. "పదకొండూ అయినంక చేరుత," అన్నాడు బాపు. నీకు రాయొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాక అవ్వ వేయించుకుంది: "చెప్తే వాడు గా మంచుల బండి తీసుకొని ఉరికొస్తడు. ఒక్కణ్ణి పోగొట్టుకున్న. ఇంకొకణ్ణి పోగొట్టుకోను." అవ్వ మాట కాదనే ధైర్యం నాకు లేకపోయింది. నువ్వు కొడుకుగా రావాల్సిన రోజును నేను దాచిపెట్టాను. దానికి క్షమించమని అడగడానికి మాటలు వెతికాను. దొరకలేదు.

నీ ఉత్తరం ఆయన పోయిన పదకొండో రోజు అందింది. ఫోటో ముందు కూర్చుని గట్టిగా చదివాను, రెండుసార్లు. అందులో అబద్ధం లేదు. జవాబు మాత్రం నేనే కల్పించాను. నువ్వు జవాబు కోసం చూస్తుంటానని రాశావు కదా, నా దగ్గర ఉన్నవి మాటలే.

కానీ కన్నం నేను కల్పించింది కాదన్నా. ఆ సాయంత్రం తెర తీసి చూస్తే కాన్వాసు వెనకవైపు, సరిగ్గా ఆ చోట, సుద్దతో గీసిన గుండ్రటి గీత ఉంది. నాతో ఓడిపోయానని చెప్పకుండానే గీసి పెట్టుకున్నాడు. నేను ఆ గీత మీదే కత్తిరించి, చుట్టూ కుట్టాను.

ఆ గీత పక్కన ఇంకొకటి ఉంది. ఎవరి గుడ్డ ఎవరిదో కలిసిపోకుండా గిరాకీ పేరు సుద్దతో వెనక రాస్తాడు కదా. దాని మీద ఉన్ని, అస్తరు కప్పి కుట్టేశాను, చెరిగిపోకూడదని. కింది ఎడమ మూల నాలుగు కుట్లు విప్పి, అస్తరూ ఉన్నీ ఎత్తి చూడు. 'డ్రైవర్' అని లేదు. 'భాను' అని ఉంది.

నేను అన్ని మాటలు రాశాను. ఆయన రాసింది ఆ ఒక్కటే.

చూశాక మళ్లీ కుట్టెయ్. నీకు వచ్చు.

దారి తెరిచాకే రా, తొందరపడకు. షాపు బాపు పోయిన రోజు నుంచి మూసే ఉంది. నిన్న రాఘవేందర్ సార్ ఇంటికి వచ్చి అవ్వ దగ్గర కూర్చున్నాడు. లేచేటప్పుడు, "గా కోటు గట్లనే ఇచ్చెయ్ బిడ్డా. పాతదే ఏసుకుంట," అన్నాడు. కోటు మీద బాపు సుద్దగీతలు ఇంకా ఉన్నాయి. గుండీల చోట నాలుగు చిన్న అడ్డగీతలు. ఇయ్యనని చెప్పాను. రేపు పొద్దున తొమ్మిదింటికి అవ్వా నేనూ షట్టర్ ఎత్తుతాం. అవ్వ దారానికి మైనం పట్టిస్తానంది. మొదటి గీత మీద కాజా నేను మొదలుపెడతాను.

నీ చెల్లె,
ప్రమోద