యాభై నిమిషాల దారి

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

అన్నయ్య పక్కనుంటేనే ఆపరేషన్ చేయించుకుంటానని నువ్వు పట్టుబట్టావని బావ రాశాడు. ఈ నడుముతో నేను పద్నాలుగు గంటలు బస్సులో కూర్చోలేను. అల్లుడు విమానం అన్నాడు. నిన్న ఇద్దరం వెళ్ళి టికెట్లిచ్చే అమ్మాయిని అడిగాం. ఇక్కడినుంచి మీ విమానాశ్రయానికి నాలుగు వందల కిలోమీటర్లట, గాలిలో యాభై నిమిషాలట. ముప్పై ఏళ్ళు ఆ దారిలో బస్సు తోలినవాణ్ణి, ఆరు వందల ఇరవై అని నాకు తెలుసు.

"కొండల మీదుగా తిన్నగా పోతుంది తాతగారూ" అంది.

"మధ్యలో ఏదైనా తేడా వస్తే ఎక్కడ ఆపుతారమ్మా?" అన్నాను.

"ఆపడాలుండవు, ఎక్కడమే, దిగడమే" అని నవ్వింది. అల్లుడూ నవ్వాడు. బస్సులో చిన్న చప్పుడొచ్చినా పక్కకు తీసి, దిగి చూసుకునేవాణ్ణి. అయినా టికెట్ తీసుకోమన్నాను. పదమూడో తేదీ ఉదయం. భయపడ్డానని మీ వదినకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

బావను విమానాశ్రయానికి రమ్మను. దుప్పటి తేవాలా? మీ మెట్లకు కమ్మీ వేయించారా? పిల్లలకు ఆశీస్సులు.

మత్తిస్తే మళ్ళీ లేవనేమోనని నీకు భయమట. నాకూ ఆ విమానం తలుచుకుంటే అలాగే ఉంది. నాది యాభై నిమిషాలు. నీది ఎన్ని నిమిషాలో డాక్టరుగారిని అడిగి తొందరగా జవాబు రాయి.