టిక్కెట్టు కొన్నాం, అప్పు లేదక్కా

బేసింగ్‌స్టోక్, ఇంగ్లండ్,
మంగళవారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకి,

చెల్లెలు సుజాత నమస్కారం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ మరిదీ, కడుపులో కాళ్లతో తంతున్న మూడోవాళ్లూ బాగున్నాం. బావగారి నడుం నొప్పి తగ్గిందా? మీ అత్తగారికి ఆపరేషన్ అయ్యాక చూపు ఆనుతోందా? పిల్లలు బాగా చదువుతున్నారా? నువ్వెలా ఉన్నావో మాత్రం అడగను. "నాకేం, దుక్కలా ఉన్నాను" అని రాస్తావు, నేను నమ్మను.

నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకి తింటున్నాను. ఇక్కడి వంకాయలు నిగనిగలాడుతూ ఉంటాయి గానీ కూర చేస్తే రుచీ పచీ ఉండదు. నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది. మీ మరిది ఆఫీసు నుంచి వచ్చేదాకా ఫ్లాట్‌లో నేనూ, హీటర్ చప్పుడూ. పక్క ఫ్లాట్ ఆవిడ ఎదురుపడ్డప్పుడల్లా "ఆల్ రైట్?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే వెళ్లిపోతుంది. నా ముఖంలో ఏదో జబ్బు కనిపిస్తోందేమోనని చాన్నాళ్లు అనుమానపడ్డాను. అది ఇక్కడి పలకరింపేనట. అయినా అద్దం చూసుకోవడం మానలేదు.

ఇక అసలు సంగతి. "వీసా వచ్చింది సరే, అప్పు చేసి టిక్కెట్టు కొంటే మాత్రం నేను విమానం ఎక్కను" అని పోయిన ఉత్తరంలో ఖరాఖండిగా రాశావు. చదివి ఏడ్చాను. సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌కి, వెళ్లినప్పుడల్లా అక్కడ పురుళ్లు చూసే మిడ్‌వైఫ్, పురుడయ్యాక ఇంట్లో నీకు తోడెవరుంటారని అడుగుతుంది. మా అక్క వస్తోందని చెబుతాను. ఆవిడ రాసుకుంటుంది. అబద్ధం చెప్పినట్టు నేను తల తిప్పుకుంటాను. అమ్మ లేదు, నువ్వు కాక నాకు స్నానం చేయించే వాళ్లెవరున్నారు?

కానీ నీ మీద కోపం రాలేదక్కా. నువ్వెందుకలా రాశావో నాకు తెలుసు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కనకమ్మత్తయ్య నాన్నకి చేబదులిచ్చింది. "అయినవాళ్ల మధ్య వడ్డీ ఏమిట్రా తమ్ముడూ. తొందరేముంది, ఉన్నప్పుడే ఇద్దువుగాని" అంది. నిజంగానే వడ్డీ ముట్టుకోలేదు. కానీ ఆ ఇంట్లో పెళ్లంటే పిండి దంచడానికి నువ్వు, ఆవకాయలంటే కాయలు తుడవడానికి నువ్వు. నీ పదో తరగతి లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే, "మా ఇంట్లో శుభకార్యం, పెద్దమ్మాయిని పంపు" అని అత్తయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. నాన్న తలెత్తలేదు. నువ్వు ఆయన ముఖం చూసి, హాల్ టిక్కెట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయావు. మళ్లీ బడి గడప తొక్కలేదు. అప్పట్నుంచీ వడ్డీ వద్దనే వాళ్లంటే నాకు వడ్డీ అడిగేవాళ్లకంటే ఎక్కువ భయం.

అందుకే వేసవిలో మీ మరిది క్రెడిట్ కార్డు తెచ్చి, దీంతో కొన్నవాటికి గడువులోపల కట్టేస్తే పైసా వడ్డీ ఉండదని సంబరంగా చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియని బ్యాంకువాడు మనకి ఊరికే ఎందుకిస్తాడని నిలదీశాను. కార్డు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టాను. ఆయన నవ్వుతూనే తవ్వి తీసుకుని, ఆ నెల సరుకులన్నీ దాంతోనే కొన్నారు.

బిల్లు వచ్చింది. కట్టాల్సిన చివరి రోజు శుక్రవారం. ఆయన పొద్దున్నే చెక్కు రాసుకుని బ్యాంకుకి బయల్దేరారు. శుక్రవారం పూట ఇంట్లోంచి లక్ష్మిని బయటికి పంపిస్తారా అని చెక్కు లాక్కున్నాను. మనింట్లో ఎప్పుడైనా శుక్రవారం డబ్బిచ్చామా? రేపు కట్టొచ్చన్నాను. శనివారం ఆయన వెళ్లేసరికి బ్రాంచి మూసేశారు. ఆదివారం సరే. సోమవారం ఇక్కడ బ్యాంక్ హాలిడే. ఆ తర్వాతి బిల్లులో జరిమానా, దానికి తోడు కొన్న రోజు నుంచీ లెక్కగట్టిన వడ్డీ. నేను చెప్పానా లేదా, వడ్డీ లేదన్న మాట పచ్చి అబద్ధం అని ఇల్లెగరగొట్టాను.

ఆ బిల్లు వచ్చిన వారం, ఆదివారం నాడు ప్రసాద్ అంకుల్ భోజనానికొచ్చారు. ఆయనది బాపట్ల వైపు. పాతికేళ్లుగా ఇక్కడే ఇన్సూరెన్స్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నారు. కార్డుల గురించి ఇంత తియ్యగా మాట్లాడతారు, బ్యాంకువాళ్లు ఈయనకేమైనా ముట్టజెబుతున్నారేమోనని నాకు లోపల ఓ అనుమానం ఉండేది. బిల్లు చూసి, చివరి రోజు ఎందుకు దాటిందని అడిగారు. శుక్రవారమని చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"మా అమ్మా ఇచ్చేది కాదమ్మా శుక్రవారం. నువ్వూ ఇవ్వొద్దు. గడువు రోజున మీ ఖాతాలోంచి మొత్తం వాళ్లనే తీసుకోమని డైరెక్ట్ డెబిట్ కాగితం మీద సంతకం పెట్టు. అప్పుడు నువ్విచ్చినట్టు కాదు, వాళ్లు పట్టుకెళ్లినట్టు" అన్నారు.

మరి వాళ్లకేం లాభమని ఆయన్నీ అడిగాను. బిల్లులో ఒక మూల చూపించారు. మొత్తం కట్టకపోయినా ఫరవాలేదు, ఈ కాస్త కడితే చాలు అని ఉంది. చాలామంది ఆ కాస్తే కట్టి ఊరుకుంటారట, మిగతాదానికి వడ్డీ పాకుతూ పోతుందట. ఆ కార్డుతో మిషన్‌లో నోట్లు తీసినా ఆ క్షణం నుంచే వడ్డీ అట. అక్కా, ఆ మూల చదువుతుంటే నాకు కనకమ్మత్తయ్య గొంతే వినిపించింది. తొందరేముంది, ఉన్నప్పుడే ఇద్దువుగాని. ఎర ఎక్కడుందో కనిపించాక నాకు ధైర్యం వచ్చింది.

పాత బాకీ అంతా కట్టేసి, లెక్క శుభ్రం అయ్యేదాకా కార్డు బియ్యంలోనే ఉంచాను. ఒక బిల్లు ముగిసి కొత్తది మొదలైన మర్నాడు నీ టిక్కెట్టు కొన్నాం. అలా కొంటే గడువు పూర్తిగా దక్కుతుంది, మధ్యలో రెండు జీతాలు పడతాయి. టిక్కెట్ల ఏజెంటు, కార్డుతో కడతామనగానే కాస్త ఎక్కువడిగాడు. ఫోన్ పెట్టేసి, అడగనివాణ్ని వెతికి పట్టుకున్నాను. ఒక్కో జీతంలోంచీ టిక్కెట్టు ధరలో సగం తీసి పక్కన పెట్టాం. మీ మరిది బయట కాఫీ తాగడం మానేశారు, నేను ఇంకో కోటు కొనుక్కోలేదు, అంతే. పస్తులేం లేములే.

కొన్నరోజే నీకు రాయలేదు. బ్యాంకు మాట నమ్మి నీకు మాటివ్వడం నాకిష్టం లేదు. బ్యాంకువాళ్లు మొత్తం పట్టుకెళ్లారు, పోయిన వారమే. అదీ శుక్రవారమే. ఆ రోజంతా నేను పర్సు ముట్టుకోలేదు. నిన్న కాగితం వచ్చింది, వడ్డీ సున్నా, బాకీ సున్నా. నేను నమ్మక ఫోన్ చేసి అడిగాను. సున్నానే అన్నారు. దాంతోపాటే ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. మీరు నమ్మకస్తులు, ఇకనుంచి ఇంతకి రెట్టింపు వాడుకోవచ్చు అని. చూశావా ప్రేమ! చింపి పారేశాను.

టిక్కెట్టు ఈ ఉత్తరంలోనే పెట్టి రిజిస్టర్ చేస్తున్నాను. కవరు చిరిగి ఉంటే పోస్ట్‌మాన్ ఎదుటే విప్పి చూడు. వచ్చేటప్పుడు బాలింతకి పెట్టే కాయం, శొంఠి, అమ్మవి పాత నూలు చీరలు రెండు తీసుకురా. డబ్బాల మీద పేర్లు ఇంగ్లీషులో రాయించు, ఎయిర్‌పోర్టులో ప్రతిదీ వాసన చూస్తారు. విమానంలో పక్కన కూర్చున్నవాళ్లు ఏ సంచీ పట్టుకోమన్నా పట్టుకోకు.

బావగారికీ, మీ అత్తగారికీ మా ఇద్దరి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. ఇంటికి పెద్దదానివి, కాన్పు సుఖంగా జరగాలని నన్ను దీవించు.

ఆ రోజు నువ్వు నా చేతిలో పెట్టిన హాల్ టిక్కెట్టు నేను నీకు తిరిగివ్వలేకపోయాను. ఈ టిక్కెట్టు మీద నీ పేరుంది, దీనికి నువ్వు ఎవరింట్లోనూ పిండి దంచక్కర్లేదు. నా మాట నమ్మబుద్ధి కాకపోతే వచ్చి ఆ సున్నా నీ కళ్లతోనే చూసుకో. గోడకి అంటించి ఉంచాను.

నీ రాక కోసం చూసే
చెల్లెలు
సుజాత