తీగ చూసినవాడు

2024 మే 7

పదకొండో రోజు, పెద్దదినం అయిపోయింది. చుట్టాలు పోయారు. ఆడబిడ్డ భాగ్యమ్మ ఒక్కతి ఉంది. నా కొడుకు శేఖర్ ఫోటోకు దండ నేనే వేశాను. వాళ్ల నాయన దశరథం దండ తెచ్చి నా చేతికిచ్చాడు.

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉండనీ.

మే 9

నల్లా దగ్గర అడిగారు, నీ కొడుకు హెలికాప్టర్‌లో ఏం చేసేవాడని. చెప్పాను. ఉత్తరాది కొండల్లో అడవి అంటుకుంటే, తాడుకు పెద్ద బకెట్ కట్టి, చెరువులో ముంచి, ఎగిరిపోయి మంట మీద గుమ్మరిస్తారు. మా శేఖర్ నడిపేవాడు కాదు. డోర్ దగ్గర బోర్లా పడుకుని కిందికి చూసేవాడు. ఎంత ఎత్తున ఉన్నాం, బకెట్ ఎటు ఊగుతుంది, అడ్డం ఏముంది, అన్నీ నడిపేవాడికి చెప్పేవాడు. నడిపేవాడికి కండ్లు నా కొడుకే.

చెప్తుంటే నా గొంతు పెద్దదైంది. బిందె నిండి పొర్లింది.

మే 10

చూసేటోడే చూడలేదంట, అందుకే హెలికాప్టర్ పడిందంట. హోటల్ కాడ అనుకున్నారని చెప్పి దశరథం అన్నం ముట్టలేదు.

మే 11

నేనూ తినలేదు. గట్టు మీద నిలబడి కందికాయలో పురుగు చూసే కండ్లు వాడివి.

మే 18

ఆ రోజు హెలికాప్టర్ నడిపిన పిలగాడు వచ్చాడు. సాంసన్, కల్వకుర్తి వాడు. చేతికి కట్టు. గడప బయటనే కూర్చున్నాడు. దశరథం ముఖం తిప్పుకున్నాడు.

అంత కిందికి ఎందుకు పోయారని నేనే అడిగాను. పైనుంచి పోస్తే నీళ్లు గాలికే తుంపర్లైపోతాయంట. లోయలోకి దిగాల్సిందే. అక్కడ గాలి ఒకసారి ఎత్తుతుంది, ఒకసారి తొక్కుతుంది. నీళ్ల బరువుతో బండి తొందరగా లేవదు. ఊరోళ్లు గడ్డిమోపులు దింపడానికి ఈ కొండకు ఆ కొండకు ఇనుప తీగ కట్టుకున్నారు. మ్యాప్‌లో లేదు. పొగలో కనబడదు.

అప్పుడు తిరిగాడు దశరథం.

"మావోడు చూసిండా, చూడలేదా?"

"చూసిండు నాయనా. తీగ సార్, లెఫ్ట్, లెఫ్ట్ అన్నడు. తిప్పిన. పెద్ద రెక్క తీగకు తగలలే, తోకకు తగిలింది. ఖాళీ పొలాలల్ల పడ్డం. ఆయన చెప్పకపోతే కింద ఊరి మీదనే పడేటోళ్లం."

దశరథం లేచాడు. చెప్పులు కూడా తొడగకుండా హోటల్ దిక్కు పోయాడు.

సాంసన్ ఇంక హెలికాప్టర్ ఎక్కనన్నాడు. డ్యూటీ వద్దని రాసిచ్చేస్తాడంట. లేస్తూ, అలవాటు కొద్దీ, "పోయొస్త అమ్మా" అన్నాడు.

భాగ్యమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. చావైన ఇంట్లో ఆ మాట అనరు. అంటే చావు మళ్లీ వస్తుందంటారు. వచ్చినవాళ్లు చప్పుడు లేకుండా పోవాలి. పిలగాడు నాలుక కరుచుకున్నాడు.

నేను గడప దాటి వచ్చాను.

"పోయి రా కొడుకా. ఆ కొండల మీదికే పో. పోయి మళ్ల నా ఇంటికి రా. నా కొడుకు నిన్ను బతికిచ్చింది ఇంట్ల కూసునేతందుకు కాదు."

పొద్దుగూకే దాకా భాగ్యమ్మ పెరట్లోంచి లోపలికి రాలేదు. తర్వాత తనే పళ్లెంలో అన్నం పెట్టింది. తిన్నాను.

మే 19

హోటల్లో ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పాడంట. దశరథం అదే మాట పొద్దటి నుంచి చెప్తున్నాడు. చెప్పిందే చెప్పనీ. నా కొడుకు చూశాడు.

2025 ఏప్రిల్ 26

టీవీలో కొండలు కాలుతున్నాయి. మళ్లీ హెలికాప్టర్ ఎక్కుతున్నానని సాంసన్ పొద్దున ఫోన్ చేశాడు. పొగలో హెలికాప్టర్ కిందికి దిగింది. డోర్ దగ్గర ఎవరో బోర్లా పడుకుని ఉన్నాడు.

వాడి పేరేందో సాంసన్‌ను అడగాలి.